సగంలో లేచిన మనిషి

"ఇంట్లో ఎవరు పోయారని ఆ పిన్నీసు పెట్టుకున్నావే, ఒరతయ్?"

వంటింటి గుమ్మంలో నిలబడి లమయ్ అడిగింది. మనవరాలి చెయ్యి తెలియకుండానే పొట్ట మీదికి వెళ్ళింది. ఎనిమిదో నెల పొట్ట. దాని మీద వదులు గౌను, గౌను మీద సరిగ్గా బొడ్డు దగ్గర పిన్నీసు. కడుపుతో ఉన్న ఆడది శవం ఉన్న ఇంటికి వెళ్ళాల్సి వస్తే బిడ్డకి కాపలాగా అలా పెట్టుకుంటుంది. సొంత ఇంట్లో పెట్టుకు తిరిగే పిల్లని మా కాలవగట్టు సందులో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"గుండీ ఊడింది అమ్మమ్మా."

"బొడ్డు మీద గుండీ కుట్టిన దర్జీ ఎవడే?"

రచనీ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు. బజారుకి పంపాల్సిన మిఠాయి కోసం కొబ్బరిపాలల్లో తాటిబెల్లం కరుగుతోంది. ఇటు తల్లి, అటు కూతురు, మధ్యలో తన చేతిలో గరిటె.

"తీసెయ్యవే దాన్ని," అంది కూతురితో.

"తియ్యను. చిన్నమ్మమ్మ పెట్టుకోమంది. బిడ్డ నాది, భయం నాది. నీకేం?"

"బిడ్డ నీదే తల్లీ," అంది లమయ్. "ఆ బిడ్డకి గుడ్డలు చింపి మడతలు పెట్టింది మాత్రం నేను."

"ఆ గుడ్డలేవి మరి?" అంది ఒరతయ్. "బుట్ట నిండా పెట్టావు. ఇప్పుడు అడుగు కనబడుతోంది. రోజూ తగ్గిపోతున్నాయి. ఎవరు పట్టుకుపోతున్నారు అమ్మమ్మా?"

"ఎలుకలేమో."

"ఎలుకలు మడత చెదరకుండా ఎత్తుకెళ్తాయా?"

లమయ్ ముఖం మాడిపోయింది. గంజి గిన్నె తీసుకుని పెరటి మెట్టు మీదికి వెళ్ళిపోయింది. వీధికుక్క ఎక్కడి నుంచో లేచి వచ్చి ఆమె వెనకే నడుస్తూ మడమల దగ్గర వాసన చూసింది. ఒరతయ్ అది చూసి పొట్టని రెండు చేతులతో కప్పుకుంది.

రచనీ కూడా చూసింది. చూసి, చూడనట్టు గరిటె తిప్పింది.

పోయిన పౌర్ణమి నాడు గుడిలో ఏం జరిగిందో ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. తెలిసినవాళ్ళు తలా ఒక రకంగా చెబుతున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు మరోసారి చెప్పుకోవడమే మంచిది. లమయ్ ఈ ఏడాది రెండుసార్లు పడింది, ఒకసారి స్నానాలగదిలో, ఒకసారి మెట్ల మీద. గ్రహచారం బాగోలేదు, గుడిలో పడుకోబెట్టి లేపితే పీడ పోతుందని చెల్లెలు సమ్నియెంగ్ పట్టుపట్టింది. పెద్దవయసు వాళ్ళకి మా వైపు మామూలుగా చేయించేదే. పడమటికి తల పెట్టి పడుకోవాలి. పైన తెల్లగుడ్డ కప్పుతారు. భిక్షువులు ఆ గుడ్డ అంచు పట్టుకుని శవానికి చదివే మంత్రం చదువుతారు. దాంతో పాత బతుకు ముగిసినట్టు. తర్వాత తూర్పుకి తల తిప్పి పడుకుంటే బతుకు మంత్రం చదువుతారు. అప్పుడు లేచిన మనిషి కొత్తగా పుట్టినట్టు.

లమయ్ మధ్యలో లేచింది. చావు మంత్రం అయిపోయింది, బతుకు మంత్రం మొదలుకాలేదు. చటుక్కున లేచి, ఆ తెల్లగుడ్డే నడుముకి చుట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, చెప్పులు కూడా వేసుకోకుండా గుడి వెనక కాలవ వైపు వెళ్ళిపోయింది. భిక్షువులు మంత్రం నోట్లోనే పెట్టుకుని కూర్చుండిపోయారు. పిలిస్తే తిరిగి రాలేదు. మళ్ళీ ఎప్పుడైనా రండమ్మా, మిగిలింది చదువుతాం అని పెద్ద భిక్షువు కబురు పంపాడు. రానంటే రానంది.

శవం గుడ్డతో నడిచిపోయిన మనిషి ఎవరు? ఊరికి పట్టుకున్న ప్రశ్న ఇదీ. వచ్చిన మనిషి తీరు కూడా అలాగే ఉంది మరి. ఎన్నో ఏళ్ళుగా మేడ మీద బుద్ధుడి పీఠం ఉన్న గదిలో పడుకునే లమయ్ కింద స్నానాలగది పక్కకి మంచం దింపించుకుంది. పీఠం దగ్గరికి వెళ్ళడం మానేసింది. పొద్దు వాలితే మంచినీళ్ళు ముట్టదు. అందరితో చాప మీద కూర్చోదు. చీకటి విడకముందే కాలవ మెట్ల మీద ఒంటరిగా ఏదో ఉతుకుతుంది.

ఆ కాలవ మెట్ల మీదే ఒకప్పుడు పెళ్ళిళ్ళకి పాటలు పాడిన మనిషి. ఇప్పుడామె దగ్గితే ఎదురింటివాళ్ళు కిటికీ వేసుకుంటున్నారు.

---

మధ్యాహ్నం సమ్నియెంగ్ వచ్చింది. గడప దాటకుండా బయటే నిలబడింది. చేతిలో గుడి నుంచి తెచ్చిన మంత్రజలం సీసా.

"అక్కా, ఒక్క గుక్క తాగు."

"ఇప్పుడొద్దు. రేపు పొద్దున్న తాగుతాలే."

"ఇప్పుడు తాగితే ఏమవుతుంది?"

"దాహం లేదన్నానా?"

"ఈ ఎండకి కాకులకే నోరు ఎండిపోతోంది, నీకు దాహం లేదా?" సమ్నియెంగ్ రచనీ వైపు తిరిగింది. "చూశావా? నేను చెప్తే చాదస్తం అన్నావు."

"పిన్నీ, వద్దన్నవాళ్ళ నోట్లో పొయ్యకూడదు కదా."

"అదే, ఎందుకు వద్దంటోంది అని. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నాం. మా అక్క మంచినీళ్ళకి వెరిచే మనిషా?" సమ్నియెంగ్ కళ్ళు నిజంగానే చెమర్చాయి. అక్క మీద ఆమెకి ప్రేమ లేదని ఎవరూ అనలేరు. భయం ఇంకా ఎక్కువ, అంతే. "నీ తమ్ముడు తావొన్‌కి ఫోన్ చేశాను. సాయంత్రానికి బండి తీసుకొస్తాడు. గుడికొచ్చి రెండో మంత్రం వినిపించుకుందా, చెంపలేసుకుని కాళ్ళు పట్టుకుంటాను. రానందా, కొండమీద ఆశ్రమంలో తెల్లబట్టల అమ్మల దగ్గర వదిలేస్తాడు. బిడ్డ పుట్టి, నెల నిండి పుట్టువెంట్రుకలు తీసేదాకా ఈ గడప తొక్కకూడదు."

"నన్నా? నా ఇంట్లోంచా?" అంది లమయ్.

"నువ్వు నువ్వే అయితే నీ ఇల్లే అక్కా."

 లమయ్ గోడ పట్టుకుని నిలబడింది. గొంతు తగ్గించి అడిగింది.

"మరి ఆసుపత్రి నుంచి బిడ్డని తెచ్చాక మొదటి స్నానం ఎవరు పోస్తారే? పొత్తిళ్ళు ఎవరు చుడతారు? ఒరతయ్‌కి చుట్టింది నేను. దీని తల్లికి చుట్టింది నేను. వీళ్ళకేం చేతనవును?"

 లోపలి గదిలో ఒరతయ్ ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది. ఆ బిడ్డని ఒక్కసారి ఒళ్ళో పెట్టుకోవాలి, అంతకు మించి లమయ్‌కి ఈ లోకంలో వేరే కోరిక లేదు. ఆ సంగతి రచనీకి తెలుసు. అది తెలిసీ తల్లి గుడికి ఎందుకు రానంటోందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. అంతుపట్టక, ఈమధ్య తనకీ ఒళ్ళు జలదరిస్తోంది. అన్నం పెడుతూ తల్లి కళ్ళలోకి చూడటం మానేసింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

---

ఎండ ఇంకా దిగకముందే ఆరోగ్య కార్యకర్త బుప్పా వచ్చింది. వయసు మళ్ళినవాళ్ళని ఇంటింటికీ వెళ్ళి పలకరించడం ఆమె పని. ఎప్పుడూ నేరుగా వంటింట్లోకి వచ్చి మిఠాయి అడిగి తినే బుప్పా ఈసారి ప్రహరీ గేటు బయటే సైకిలు ఆపింది.

"లోపలికి రావే," అంది రచనీ.

"టైము లేదక్కా, ఇక్కడి నుంచే అడిగేస్తా." అని గొంతు పెంచింది. "పెద్దమ్మా! వినబడుతోందా? మళ్ళీ పడ్డావా?"

"లేదు," అంది అరుగు మీద కూర్చున్న లమయ్.

"మతిమరుపు ఉందా?"

"నీ పెళ్ళిలో అన్నం చాల్లేదన్న సంగతి ఇంకా గుర్తుంది."

పక్కింట్లో ఎవరో కిసుక్కుమన్నారు. రచనీ కూడా నవ్వింది. చాన్నాళ్ళకి తల్లి గొంతు తల్లి గొంతులా వినబడింది.

"నిద్ర పడుతోందా? ఆకలేస్తోందా? పళ్ళు కదులుతున్నాయా? బతుకు మీద విసుగొస్తోందా?"

"నీ ప్రశ్నలు విన్నప్పుడల్లా వస్తోంది."

"పక్క తడుస్తోందా పెద్దమ్మా? దగ్గినా తుమ్మినా ఆగకుండా పోతోందా?"

సందులో నాలుగు గుమ్మాల్లో ఆడవాళ్ళు నిలబడి వింటున్నారు. ఎదురింటి ముసలాయన రేడియో తగ్గించాడు. లమయ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"చచ్చినవాళ్ళని అడిగే ప్రశ్నలా అవి?" అంది. గొంతు మారిపోయింది. "నేను చచ్చానని ఊరంతా అంటున్నారుగా. శవాన్ని అడుగుతావేమే దరిద్రపుదానా? పో! పో ఇక్కడి నుంచి!"

గుమ్మాలన్నీ టపటపా మూసుకున్నాయి. బుప్పా సైకిలు ఎక్కడం కూడా మరిచిపోయి దాన్ని తోసుకుంటూ పరుగెత్తింది. లమయ్ లేచి లోపలికి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు లుంగీ వెనక భాగాన్ని గుప్పిట పట్టుకుంది.

రచనీ అక్కడే నిలబడిపోయింది. అరుగు మీద తల్లి కూర్చున్న చోట చెయ్యి పెట్టి చూసింది.

---

పెరట్లో నీళ్ళ కూజాల వెనక, ఎవరికీ కనబడని మూల, తీగ మీద గుడ్డలు ఆరుతున్నాయి. పాత నూలు లుంగీలు చింపి, అంచులు చేత్తో కుట్టిన పొత్తిళ్ళ గుడ్డలు. మునిమనవడి కోసం దాచిన బుట్టలోవి.

తల్లి నేల మీద గొంతుక్కూర్చుని ఒకటి పిండుతోంది. రచనీని చూసి దాన్ని వెనక్కి దాచుకోబోయి, ఇంక లాభం లేదని ఆగింది.

"ఎన్నాళ్ళ నుంచి అమ్మా?"

లమయ్ ఆ గుడ్డని ఇంకోసారి పిండింది.

"గుడిలో కూడా ఇదేనా?"

"మెల్లగా మాట్లాడు."

"ఎవరూ లేరు. చెప్పు."

లమయ్ గుడ్డని ఒళ్ళో పెట్టుకుని సాపు చేసింది.

"శవం మంత్రం చదువుతుంటే నాకు భయమేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. హాయిగా ఉందే. గుడ్డ కింద చల్లగా, మసకగా. ఎప్పుడో పోయిన మీ నాన్న దగ్గు వినబడింది. ఒట్టు, మీ నాన్నదే, పొగాకు దగ్గు. పక్కనే ఉన్నాడు. ఒళ్ళంతా వదులైపోయింది. అన్నీ వదిలేస్తే ఇంత బాగుంటుందా అనుకున్నాను." గుడ్డ అంచు సరిచేసింది. "అన్నీ వదులయ్యాయి. అప్పుడు వెచ్చగా తెలిసింది."

"అమ్మా..."

"తెల్లగుడ్డ అది. నలుగురు భిక్షువులు అంచు పట్టుకుని కూర్చున్నారు. నా తడి పాకి వాళ్ళ చేతిదాకా వస్తే? అందరూ చూస్తుండగా? ఇంకెలా పడుకుంటాను? లేచాను. కాలవలో వదిలేశాను ఆ గుడ్డని."

రచనీ తల్లి పక్కన కూలబడింది. ఏడుపు వచ్చింది. దానికన్నా ముందు నవ్వులాంటిది ఏదో వచ్చింది. దయ్యమని ఇన్నాళ్ళు భయపడింది దీనికా? కన్నతల్లి ముఖం చూడకుండా అన్నం పెట్టింది దీని కోసమా?

"పిచ్చిదానా! దీనికి మందులున్నాయి. డాక్టరుకి చూపిద్దాం. లోపల వేసుకునే మెత్తటి డైపర్లు కూడా అమ్ముతారు."

"ఎక్కడ అమ్ముతారు?"

"బజార్లో, మందుల కొట్లో."

"ఆ కొట్లో కూర్చునేది ఎవరు? సమ్నియెంగ్ కోడలు. నువ్వు పొట్లం కట్టించుకునేలోపే సందంతా తెలిసిపోతుంది."

"తెలిస్తే ఏం? వయసు మీదపడితే అందరికీ వచ్చేదేగా."

"అందరికీ వస్తే మరి ఒక్కరూ చెప్పరేమే?"

 లమయ్ కూతుర్ని తేరిపార చూసింది.

"నిన్న మిఠాయి పళ్ళెం ఎత్తుతూ తుమ్మావు. తుమ్మి, కాళ్ళు దగ్గరికి పెట్టుకుని నిలబడ్డావు. కాసేపటిదాకా కదల్లేదు."

రచనీ ముఖం తిప్పుకుంది. తీగ మీద గుడ్డలు గాలికి ఊగుతున్నాయి. ఇంకో ఇరవై ఏళ్ళకి ఇదే మూల, ఇదే తీగ, పిండే చేతులు మాత్రం తనవి. ఒరతయ్ వచ్చి వెనక నిలబడుతుంది. అప్పుడు తను ఏం చెబుతుంది?

"నేను చెప్తానమ్మా వాళ్ళకి," అంది. "ఒక్క మాట చెప్తే పోతుంది కదా ఈ గోలంతా. బిడ్డ పుట్టేటప్పుడు నువ్వు ఇంట్లో ఉంటావు."

"చెప్పావంటే నా మీద ఒట్టే."

"కొండమీదికి పంపేస్తామంటున్నారు!"

"వాడిని నేను కన్నాను రచనీ. వాడి ముడ్డి కడిగాను. ఇప్పుడు వాడు, వాడి పిన్ని, దాని కోడలు, అందరూ కూర్చుని లమయ్‌కి ఆగట్లేదట అని మాట్లాడుకుంటారు. జాలిగా ముఖం పెడతారు. నేను కూర్చుని లేచిన చోట చాప తిప్పి చూస్తారు. నువ్వు ఇందాక అరుగు మీద చెయ్యి పెట్టి చూడలేదూ?"

రచనీ తల దించుకుంది. సందు మొదట్లో బండి హారన్ వినబడింది.

---

తావొన్ బండి దిగుతూనే తల్లి దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టాడు. చెడ్డవాడు కాదు. దూరంగా ఓడరేవు ఊళ్ళో చేపల మిల్లులో పనిచేస్తూ, వచ్చినప్పుడల్లా తల్లికి ఇష్టమైన ఎండుచేప పట్టుకొస్తాడు. ఇవాళ కూడా తెచ్చాడు. అది ఎవరి చేతికివ్వాలో తెలియక బండిలోనే పెట్టాడు.

సమ్నియెంగ్ గేటు దగ్గర నిలబడింది. ఒరతయ్ గుమ్మం చాటున ఉంది. తావొన్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఇప్పుడే నీళ్ళలో నానినట్టు చల్లగా ఉంది. అయినా అతను వదల్లేదు.

"పదమ్మా గుడికి. కాసేపు పడుకుంటే చాలు. నేను పక్కనే కూర్చుంటాను."

"వద్దురా."

"ఎందుకొద్దు?"

"వద్దన్నాను కదా."

"నాకు ఒక్క కారణం చెప్పమ్మా. ఏ కారణమైనా సరే, నమ్ముతాను. చెప్పు, ఇక్కడే ఆగిపోతుంది ఇదంతా. పిన్నికి నేను సర్దిచెప్తాను."

కొడుకు గొంతులో బతిమాలడం ఉంది. లమయ్ పెదవులు కదిలాయి. ఒరతయ్ గుమ్మం దాటి రెండడుగులు ముందుకి వచ్చింది.

"చెప్పు అమ్మమ్మా. నాకు నువ్వు కావాలి. నాకు భయమేస్తోంది, అంతే. చెప్పు."

లమయ్ మనవరాలి పొట్ట వైపు చూసింది. ఎంతసేపు చూసిందంటే, చెప్పేస్తుందనే అనిపించింది రచనీకి. కాని ఆమె గేటు వైపు చూసింది. సమ్నియెంగ్ వెనక ఆమె కోడలు, బుప్పా, ఇంకా సందులో వాళ్ళంతా చెవులు రిక్కించి నిలబడ్డారు. లమయ్ నోరు మూసుకుంది.

రచనీ ఆగలేకపోయింది. "తావొన్, నేను చెప్తాను. ఆ రోజు అమ్మ ఎందుకు లేచిందంటే..."

"మీ అమ్మ లేవలేదు," అంది లమయ్.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"మీ అమ్మ ఆ రోజే పోయింది. ఆ మంత్రంతోనే పోయింది. లేచింది నేను."

ఆ గొంతు నెమ్మదిగా, స్పష్టంగా ఉంది. తావొన్ చెయ్యి దానంతటదే విడిపోయింది. సమ్నియెంగ్ గేటు ఊచలు పట్టుకుని పెద్దగా ఏడ్చింది. ఒరతయ్ గోడకి ఆనుకుని, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. గడియ పడిన చప్పుడుకి లమయ్ కళ్ళు మూసుకుంది.

 తల్లి దయ్యమని అనిపించుకోవడానికి సిద్ధపడిందని రచనీకి అర్థమైంది. ఆ బిడ్డని వదులుకోవడానికి కూడా సిద్ధపడింది. అసలు మాట బయటికి రాకూడదని.

లమయ్ తనంతట తానే బండి వైపు నడిచింది. తావొన్ ముందు తలుపు తీసి, కొత్త గుడ్డ తొడిగిన సీటు చూపించాడు. ఆమె దాని దగ్గర ఆగి, చూసి, తల అడ్డంగా ఊపి బండి వెనకకి వెళ్ళింది. సరుకులేసే ఇనపరేకు మీదికి. మా ఊళ్ళో గుడికి శవపెట్టె తీసుకెళ్ళేది అలాంటి బండి వెనకే. జనం నిశ్శబ్దంగా పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఎక్కడానికి చెయ్యి అందించడానికి ఒక్కరూ ముందుకి రాలేదు.

రచనీ పరుగెత్తి వెళ్ళి నడుం పట్టుకుని ఎక్కించింది.

"ముందు కూర్చోమ్మా. పడిపోతావు."

"సీటు పాడవుతుందే," అని చెవిలో గొణిగింది తల్లి. "వాడు మొన్ననే కుట్టించుకున్నాడు."

బండి కదిలింది. లమయ్ రేకు అంచు రెండు చేతులా పట్టుకుని, కుదుపులకి ఊగుతూ, ఇంటినే చూస్తూ కూర్చుంది.

"ఆపరా!" అని అరిచింది రచనీ. "తావొన్! బండి ఆపు!"

బండి ఆగింది. తావొన్ తల బయట పెట్టాడు. సమ్నియెంగ్ ఏడుపు ఆపింది. సందు మొత్తం రచనీ నోటి వైపే చూస్తోంది. బండి వెనక నుంచి తల్లి కూడా చూస్తోంది, చెప్పొద్దే, చెప్పొద్దే అని.